మారుడి కోసం పుట్టిన చైనా అక్షరం

చైనా లిపిలో "మో" అని పలికే అక్షరం ఒకటుంది. దయ్యం, సైతాను, మాయ, ఇంద్రజాలం, తలకెక్కిన పిచ్చి, ఇలా చాలా అర్థాల్లో దాన్ని రోజూ వాడతారు. జపాన్, కొరియా, వియత్నాం భాషల్లోకి కూడా అదే అక్షరం "మ" అనే పలుకుతో వెళ్లి స్థిరపడిపోయింది. చూస్తే వేల ఏళ్ల నాటి చైనా సొంత అక్షరంలాగే ఉంటుంది, నిర్మాణంలో ఎక్కడా పరాయి వాసన తగలదు. కానీ ఇది చైనా మాట కోసం తయారైంది కాదు. బౌద్ధ గ్రంథాలు అక్కడికి చేరినప్పుడు, బోధివృక్షం కింద కూర్చున్న సిద్ధార్థుణ్ణి కదిలించడానికి వచ్చిన "మారుడు" పేరు రాయాల్సి వచ్చింది. ఆ ఒక్క పేరు కోసం పెట్టిన అక్షరం ఇది. తెలుగు కావ్యాల్లో పూలబాణాలు పట్టుకు తిరిగే మారుడికీ, ఈ రోజు షాంఘైలో పిల్లలు తిప్పుకునే రూబిక్స్ క్యూబ్ పేరుకీ మధ్య నేరుగా చుట్టరికం ఉందంటే కారణం ఈ అక్షరమే.

ముందు రూపం చూద్దాం. సంప్రదాయ లెక్కలో మొత్తం 21 గీతలు, పైనొక ముక్క, కిందొక ముక్క. పై ముక్కకి 11 గీతలు. ఒక చుక్క, దాని కింద అడ్డగీత, ఆ అడ్డగీత ఎడమ చివర నుంచి వంగుతూ కిందికి దిగే పొడవాటి గీత. ఈ మూడూ కలిస్తే ఒక పక్క మాత్రమే గోడ ఉన్న చూరులా కనిపిస్తుంది. ఆ చూరు కింద చెట్టు గుర్తులాంటివి రెండు పక్కపక్కన నిలబడి ఉంటాయి. అవి నారమొక్కలు. గంజాయి జాతికి చెందిన ఈ మొక్కను పాతకాలపు చైనాలో బట్ట కోసం, తాడు కోసం, గింజల కోసం పొలాల్లో పండించేవాళ్లు. చూరు కింద పెట్టిన నార అన్నమాట. ఈ ముక్కనే విడిగా రాస్తే "మా" అని పలుకుతారు, అర్థం నారమొక్క.

కింది ముక్కకి 10 గీతలు. పైన చిన్న వాలుగీత, దాని కింద నాలుగు గదులుగా చీల్చిన పెట్టె, పెట్టె నుంచి దిగిన రెండు కాళ్లు, కుడికాలు చివర కొక్కెంలా పైకి తిరిగి ఉంటుంది, ఆ వంపులో చిన్న ముడిలాంటి గుర్తు. దీన్ని విడిగా రాస్తే "గుయ్", అంటే దయ్యం. సోదె చెప్పడానికి ఎముకల మీద, తాబేటి డిప్పల మీద గీసిన 3 వేల ఏళ్ల నాటి రాతల్లోనే ఈ గుర్తు ఉంది. అక్కడ అది స్పష్టంగా మనిషి బొమ్మే, తల మాత్రం మనిషిది కాదు, ఒంటికి పొంతన లేనంత పెద్దది, గళ్లు గీసిన పెట్టెలాంటిది. షు షెన్ అనే పండితుడు క్రీ.శ. 100 ప్రాంతంలో పూర్తిచేసిన చైనా తొలి అక్షర నిఘంటువు దీనికి చెప్పిన అర్థం చాలా అందంగా ఉంటుంది: మనిషి తిరిగి చేరుకునేది ఏదో అదే దయ్యం. "తిరిగి వెళ్లడం" అనే మాటా "గుయ్" అనే పలుకుతోనే ఉంటుంది, స్వరం మాత్రమే వేరు.

చైనా అక్షరాల్లో చాలా భాగం ఇలా జంటగానే తయారవుతాయి. ఒక ముక్క ఎలా పలకాలో చెబుతుంది, రెండో ముక్క ఏ సంగతి గురించో చెబుతుంది. మన అక్షరంలో పైనున్న నారమొక్కకి అర్థంతో పని లేదు, అది "మా" అనే శబ్దం ఇవ్వడానికే ఉంది. చైనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లకి మొదటి పాఠంలో నాలుగు స్వరాలతో "మా" చెప్పిస్తారు కదా, అమ్మ, నార, గుర్రం, తిట్టు అని, అందులో రెండోది ఈ నారే. కింద ఉన్న దయ్యం అర్థం చెబుతుంది. కాబట్టి ఈ అక్షరాన్ని చదివే పద్ధతి ఇది: "మా" అన్నట్టు పలుకు, అర్థం మాత్రం దయ్యాల జాతిలో వెతుక్కో.

షు షెన్ నిఘంటువులో 9,353 అక్షరాలున్నాయి. అందులో ఇది లేదు. ఆయనకి ఇది తెలియదు, ఎందుకంటే అప్పటికి బౌద్ధం చైనాలో ఇంకా కాలు మోపుతున్న దశలో ఉంది. ఆ నిఘంటువును షు శ్వాన్ అనే పండితుడు 986లో పరిష్కరించి, వాడుకలోకి వచ్చేసినా పాత పుస్తకంలో లేని 402 అక్షరాలను ఒక్కో భాగం చివర చేర్చాడు. దయ్యం భాగం చివర చేర్చిన 3 అక్షరాల్లో ఇదొకటి. వివరణ కూడా రెండు ముక్కల్లో తేల్చేశాడు: ఇది దయ్యం, దయ్యం గుర్తు అర్థానికి, నార గుర్తు శబ్దానికి. మారుడి ఊసు లేదు, బుద్ధుడి ఊసు లేదు. అప్పటికే అక్షరం తన పుట్టిల్లు మరిచిపోయిందని ఈ వివరణే చెబుతోంది.

ఆ పుట్టుక ఎలా జరిగిందో చూడాలంటే అనువాదకుల దగ్గరికి వెళ్లాలి. 148లో లొయాంగ్ నగరానికి వచ్చిన ఆన్ షిగావ్ మొదలు కొన్ని వందల ఏళ్లపాటు మధ్య ఆసియా నుంచి, భారత్ నుంచి వచ్చిన భిక్షువులు చైనా పండితులతో కలిసి కూర్చుని గ్రంథాలను చైనీస్‌లోకి తెచ్చారు. పేర్ల దగ్గర పెద్ద చిక్కు. చైనా లిపిలో అక్షరమాల లేదు, ప్రతి గుర్తుకీ ఏదో ఒక అర్థం ఉంటుంది. అందుకని అర్థాన్ని పక్కనపెట్టి శబ్దం కోసమే అక్షరాలను ఏరుకునేవాళ్లు. "మ" శబ్దానికి చేతికందిన అక్షరాలు నారమొక్క కుటుంబంలోవి: నార కింద చెయ్యి గుర్తు పెడితే "రుద్దడం", నార కింద రాయి గుర్తు పెడితే "నూరడం, తిరగలి". మహా అనే మాటకి చెయ్యి ఉన్నదాన్ని వాడారు. మగధ రాజ్యానికీ అదే. బుద్ధుడి తల్లి మాయాదేవికీ అదే. మారుడికి మాత్రం పాత అనువాదాల్లో రాయి ఉన్న అక్షరం వాడేవాళ్లని, తర్వాత రాయిని తీసేసి దయ్యాన్ని పెట్టారని 8వ శతాబ్దపు బౌద్ధాచార్యుడు ఝాన్‌రాన్ రాశాడు. లియాంగ్ వంశపు ఊ చక్రవర్తి (పాలన 502 నుంచి 549) కాలం నుంచి ఇలా మారిందట. మారుడు మనుషుల్ని వేధించేవాడు కాబట్టి ఆ అక్షరంలో దయ్యం ఉండాలి అన్నది అక్కడ చెప్పిన కారణం.

ఊ చక్రవర్తి మామూలు భక్తుడు కాదు. రాజవస్త్రాలు వదిలేసి ఆలయానికి తనను తానే సేవకుడిగా సమర్పించుకుంటే, మంత్రులు ఖజానా నుంచి డబ్బు కట్టి విడిపించుకుని తెచ్చుకోవాల్సి వచ్చింది, అదీ ఒక్కసారి కాదు. అలాంటివాడు అక్షరం దిద్దాడంటే నమ్మబుద్ధి అవుతుంది. అయితే ఒక లిపిలో మార్పు ఒక్క మనిషి ఆజ్ఞతో జరిగిపోవడం అరుదు. రాసేవాళ్ల చేతుల్లో మెల్లగా వచ్చిన మార్పుకి ఒక పెద్దపేరు తగిలించి ఉండొచ్చు. ఎవరు చేశారన్నదానికంటే ఏం జరిగిందన్నదే ఇక్కడ ముఖ్యం. మాయాదేవి "మా"కి చెయ్యి, మారుడి "మా"కి దయ్యం. సంస్కృతంలో రెండింటిదీ ఒకే శబ్దం, పలికేటప్పుడు మంచీ చెడూ తేడా లేదు. చైనా లిపి మాత్రం ఆ రెంటినీ విడదీసి, ఒకదాని కింద శాశ్వతంగా ఒక తీర్పు రాసి పెట్టింది.

ఇప్పుడు పలుకు సంగతి. "మార" పేరు కోసం పెట్టిన అక్షరాన్ని ఈ రోజు బీజింగ్‌లో "మో" అని ఎందుకు అంటున్నారు? పూర్తి పేరు రెండు అక్షరాలతో రాసేవాళ్లు, ఇప్పటి ఉచ్చారణలో అది "మో లువో" అవుతుంది. చైనీస్‌లో మన "ర" లేదు కాబట్టి "ల"తో సరిపెట్టారు, అది సరే. "ఆ" కాస్తా "ఓ" ఎలా అయింది? అనువాదం జరిగిన కాలంలో ఆ రెండు అక్షరాలనూ "మ", "ల" అనే పలికేవాళ్లు. తర్వాతి శతాబ్దాల్లో అలా పలికే ఒక వర్గపు అక్షరాల్లోని అచ్చులన్నీ ఉత్తరాది చైనీస్‌లో "ఓ" వైపు జరిగిపోయాయి. మహా అన్నదీ అలాగే "మో హ" అయింది, పారమితలోని "పార" కాస్తా "బో లువో" అయింది. 1923లో వాంగ్ రొంగ్‌బావ్ అనే పండితుడు సరిగ్గా ఈ సంస్కృత పేర్లనే సాక్ష్యంగా పెట్టి, ప్రాచీన చైనీస్‌లో ఆ వర్గం అక్షరాలు "ఆ" అచ్చుతోనే పలికేవని ఒక వ్యాసం రాస్తే చైనా భాషాశాస్త్రంలో పెద్ద దుమారమే రేగింది. చైనా లిపి శబ్దాన్ని కచ్చితంగా రికార్డు చేయదు. అందుకే 1,500 ఏళ్ల కిందట లొయాంగ్ వీధుల్లో ఏ మాట ఎలా పలికేవాళ్లో తెలుసుకోవడానికి మన దేశపు పేర్లు అక్కరకొచ్చాయి. జపాన్, కొరియా, వియత్నాం ఈ అక్షరాన్ని పాత రోజుల్లోనే తీసుకుపోయాయి కాబట్టి అక్కడ "మ" అలాగే నిలిచింది.

ఇంతకీ మారుడు ఎవరు? మృ అనే ధాతువుకి చావడం అని అర్థం, దాన్నుంచి మరణం వచ్చింది, చంపేవాడు అనే అర్థంలో మారుడు వచ్చాడు. తెలుగులో మారుడంటే మాత్రం ఎవరికీ చావు గుర్తుకురాదు, మన్మథుడే గుర్తొస్తాడు. అమరకోశంలో "మదనో మన్మథో మారః" అని మన్మథుడి పేర్లలోనే ఉంది. మారజనకుడంటే విష్ణువు, మారారి అంటే శివుడు. అదే అమరకోశం బుద్ధుడి పేర్లు చెప్పేటప్పుడు "మారజిత్" అంటుంది, మారుణ్ణి గెలిచినవాడని. ఒకే పుస్తకంలో ఒకే మారుడు రెండు కథల్లో ఉన్నాడు.

బౌద్ధులకీ ఈ సంగతి బాగా తెలుసు. అశ్వఘోషుడు బుద్ధచరితంలో మారుడి దాడి మొదలుపెడుతూనే, లోకం ఎవరిని కామదేవుడని, పూలబాణాలవాడని పిలుస్తుందో అతడినే మోక్షానికి శత్రువైన మారుడంటారు అని స్పష్టంగా చెప్పాడు. ఇంకా ఆసక్తికరమైన చోటు మహాప్రజ్ఞాపారమితా శాస్త్రం. ఇది ఆచార్య నాగార్జునుడిదని చైనా సంప్రదాయం. శాతవాహన రాజుకు సుహృల్లేఖ రాశాడని చెప్పే ఆ నాగార్జునుడే. ఈ గ్రంథం నిజంగా ఆయన రాసిందేనా అన్న చర్చ పండితుల్లో ఉంది, సంస్కృత మూలం దొరకలేదు కూడా. 401లో చాంగాన్ నగరానికి చేరిన కుమారజీవుడు తర్వాతి కొన్నేళ్లలో దీన్ని చైనీస్‌లోకి తెచ్చాడు. మారుణ్ణి ఎందుకలా పిలుస్తారు అని ప్రశ్న వేసుకుని, జ్ఞానమనే ప్రాణాన్ని లాక్కుంటాడు, పుణ్యపు వేళ్లను పెరికేస్తాడు, అందుకే ఆ పేరు అని జవాబు ఇస్తుంది. ఆ వెంటనే, ఇతర మతాలవాళ్లు ఇతణ్ణి కోరికలకు దొర అని, పూలబాణాలవాడని, అయిదు బాణాలవాడని అంటారు అని కూడా చెబుతుంది. పుష్పబాణుడు, పంచశరుడు. మన పద్యాల్లో కనిపించే పేర్లు 5వ శతాబ్దం మొదట్లోనే చైనీస్‌లో ఉన్నాయి.

అయినా చైనాలో పూలబాణాలు నిలవలేదు. దానికి కారణం ఆ అక్షరమే అనిపిస్తుంది. నాగార్జునకొండ శిల్పుల ముందు ఒక కథ ఉంది కాబట్టి వాళ్లు మారుడి సైన్యాన్నీ చెక్కారు, ఒయ్యారంగా నిలబడ్డ అతని కూతుళ్లనీ చెక్కారు. భయపెట్టడం, మురిపించడం రెండూ అక్కడున్నాయి. చైనాలో గ్రంథం చదవని మామూలు మనిషికి ఆ కథ అందేలోపే అక్షరం అందుతుంది, అక్షరం కింద కాళ్లు చాపుకుని దయ్యం కూర్చుని ఉంటుంది. దాన్ని చూసినవాడికి అందగాడైన మన్మథుడు ఎలా తోస్తాడు? శబ్దం భారత్ నుంచి వచ్చినా అర్థాన్ని మాత్రం లిపే నిర్ణయించేసింది. బౌద్ధ పండితులు క్లేశమారుడు (మనసులోని మలినాలు), స్కంధమారుడు (దేహమూ మనసూ కలిసిన కట్టు), మృత్యుమారుడు, దేవపుత్రమారుడు అని నాలుగు రకాలుగా విడదీసి, మొదటి రెండూ మన లోపలే ఉంటాయని చెబుతూనే వచ్చారు. ఆ సూక్ష్మం మఠాల్లో ఉండిపోయింది. వీధిలోకి వచ్చింది మాత్రం "మోగుయ్", అంటే మారుడూ దయ్యమూ కలిపి ఒకే మాట.

పూర్తిగా ఉండిపోయిందనీ అనలేం. తాంగ్ కాలపు మహాకవి బాయ్ జూయీ (772-846) ఒక చిన్న పద్యంలో చెప్పిన మాట ఇక్కడ తలుచుకోవాలి. శూన్యమార్గాన్ని, అంటే బౌద్ధాన్ని, కష్టపడి సాధన చేశాక తన మనసులోని రకరకాల కోరికలన్నీ అణగిపోయాయట, ఒక్క కవిత్వ మారుణ్ణి మాత్రం లొంగదీసుకోలేకపోయాడట. గాలి వీచినా వెన్నెల కాసినా ఏదో ఒక పద్యం నోట్లోకి వచ్చేస్తుందట. "షి మో", కవిత్వపు మారుడు. ఇక్కడ దయ్యం లేదు, భయం లేదు, మనిషిని లోపల్నుంచి లాగే మోహం ఉంది. అసలు మారుడికి ఇంత దగ్గరగా చైనా కవిత్వంలో ఇంకెవరైనా వచ్చారా అంటే చెప్పడం కష్టం. సాధన చేసేవాళ్ల గురించి పుట్టిన సామెత కూడా ఇలాంటిదే: ధర్మం ఒక అడుగు ఎదిగితే మారుడు పది అడుగులు ఎదుగుతాడు. సాధనలో పైకి వెళ్లేకొద్దీ ఆటంకమూ పెద్దదవుతుందన్న హెచ్చరిక అది. ఇప్పుడు దాన్ని తిరగేసి, నేరగాళ్లు ఒక అడుగు వేస్తే పోలీసులు పది అడుగులు వేస్తారన్నట్టుగానూ వాడతారు.

రాయి కూడా అంత తేలిగ్గా పోలేదు. చైనీస్‌లో "హావ్ షి దువో మో" అనే నానుడి ఉంది, మంచి పనికి అడ్డంకులెక్కువ అని. ముఖ్యంగా పెళ్లిసంబంధాల దగ్గర, ప్రేమకథల దగ్గర వాడతారు. ఇప్పటి నిఘంటువుల్లో చివరి "మో"కి రాయి ఉంటుంది, అంటే మంచి పని బాగా నలిగి నలిగి అవుతుందని. పాత నవలల్లో అదే చోట దయ్యం ఉన్న అక్షరం కనిపిస్తుంది, మంచి పనికి మారుళ్లెక్కువని. రెండు రకాలుగానూ అర్థం కుదురుతుంది. కూరగాయల దగ్గరా ఇదే తంతు. మన కంద జాతికే చెందిన ఒక దుంపను చైనాలో "మోయూ" అంటారు. మన కందలాగే దాన్నీ పచ్చిగా తినలేరు, దురద. పొడి చేసి సున్నంలాంటి క్షారం కలిపి వండితే గట్టి జెల్లీలా అవుతుంది. మార్కెట్లో దీని పేరు దయ్యపు అక్షరంతో రాస్తారు, వృక్షశాస్త్ర గ్రంథాల్లో రాయి అక్షరంతో రాసిందీ కనిపిస్తుంది.

లిపిలో తీర్పు ఇమిడి ఉందన్నామే, దాన్ని ఆయుధంగా వాడిన సందర్భమూ ఉంది. పర్షియా వైపు నుంచి మాని అనే ప్రవక్త మతం చైనాకి వచ్చింది. మాని పేరు రాయడానికి చెయ్యి ఉన్న "మో" వాడేవాళ్లు. సోంగ్ వంశ కాలంలో శాకాహార నియమం పాటించే రహస్య మతబృందాలను ప్రభుత్వం అనుమానంగా చూసేది, 1120లో ఫాంగ్ లా అనే నాయకుడి తిరుగుబాటు తర్వాత ఆ అనుమానం వేటగా మారింది. అధికారుల రాతల్లో వాళ్లకి పడిన ముద్ర "కూరలు తిని దయ్యాన్ని కొలిచేవాళ్లు". మాని మతస్తులూ ఆ ముద్ర కిందికే వచ్చారు. చెయ్యి తీసేసి దయ్యాన్ని పెడితే చాలు, నోటితో పలికినప్పుడు ఏ తేడా ఉండదు, కాగితం మీద ఒక ప్రవక్త భూతమైపోతాడు. ఇప్పటికీ చైనా వీరగాథల నవలల్లో దుష్టకూటమిని "మో జ్యావ్" అంటారు, దయ్యపు మతం అని.

క్రైస్తవులు వచ్చినప్పుడు సైతానుకి పేరు వెతుక్కోనక్కర్లేకపోయింది. 1919లో వచ్చిన చైనీస్ యూనియన్ బైబిల్లో, అరణ్యంలో యేసును శోధించినవాడు "మోగుయ్". తెలుగు బైబిల్లో అదే చోట అపవాది అని ఉంటుంది. బోధివృక్షం కింద ఒకరిని, అరణ్యంలో ఒకరిని శోధించిన ఇద్దరికీ చైనీస్‌లో ఒకే అక్షరం రావడం, కథల పోలిక చూస్తే, అనువాదకుల ఎంపిక సరైనదే అనిపిస్తుంది.

రోగాల దగ్గర తెలుగుకీ చైనీస్‌కీ తెలియకుండానే ఒక కలయిక జరిగింది. తీవ్రమైన జబ్బుని చైనీస్‌లో "బింగ్ మో" అంటారు, రోగమారుడు అన్నట్టు. "రోగమారుడితో పోరాడి" అనే వాక్యం అక్కడి శ్రద్ధాంజలి వార్తల్లో మామూలు. మనం కోవిడ్ రోజుల్లో మహమ్మారి అన్నాం, అది మహా మారి. మారి కూడా అదే మృ ధాతువు నుంచి వచ్చిందే.

జపాన్‌లో ఈ అక్షరం ఇంకా లోతుగా ఇళ్లలోకి వెళ్లింది. సాధనకి అడ్డుపడే మారుణ్ణి బౌద్ధులు "జామ" అనేవాళ్లు, చెడ్డ మారుడు అని. కాలక్రమంలో అది "అడ్డం" అనే మామూలు మాటైపోయింది. దారిలో సైకిల్ అడ్డంగా ఉంటే అది జామ. ఎవరింటికైనా వెళ్లి గడప దాటుతూ "ఓ-జామ షిమాసు" అంటారు, మీకు ఇబ్బంది కలిగిస్తున్నాను అని మర్యాదగా. ఆ మాట అనేవాళ్లకి గానీ వినేవాళ్లకి గానీ బోధివృక్షం గుర్తుకు రాదు. సైతాను "అకుమ". మంచివాడు ఉన్నట్టుండి దొంగతనం చేస్తే "మ గ సాస్తా" అంటారు, మారుడు లోపలికి దూరాడని, మనం బుద్ధి గడ్డి తిన్నదని అన్నట్టే. పగలూ రాత్రీ కలిసే చీకటి వేళ "ఓమగతోకి", మారుళ్లు ఎదురయ్యే సమయం. మన పెద్దవాళ్లు అసురసంధ్య వేళ అని పిల్లల్ని లోపలికి పిలిచేది ఆ సమయంలోనే. కాఫీ వేడిగా ఉంచే ఫ్లాస్కు "మహోబిన్", మాయసీసా. 1573లో పోర్చుగీసు పాద్రి లూయీస్ ఫ్రోయిస్ రాసిన ఒక లేఖ ప్రకారం, హియేయ్ కొండ మీది బౌద్ధ మఠాలను రెండేళ్ల కిందటే తగలబెట్టించిన యుద్ధప్రభువు ఓద నొబునాగ తన శత్రువుకి జవాబిస్తూ "ఆరో స్వర్గపు మారరాజు" అని సంతకం చేశాడట. కామలోకపు ఆరో స్వర్గానికి అధిపతి మారుడు అన్న బౌద్ధ లెక్క తెలిసినవాడే అలా సంతకం చేయగలడు.

వీటన్నిటికంటే ఆశ్చర్యపరిచే మాట "దన్‌మత్సుమ". చనిపోయే క్షణంలోని ఘోరమైన బాధ అని అర్థం, ఆ చివరి అరుపునీ అలాగే అంటారు. చివరి అక్షరం మన దయ్యమే కాబట్టి ఇక్కడా మారుడే ఉన్నాడనుకుంటారు. కాదు. "దన్" అంటే తెగడం, "మత్సుమ" అంటే మర్మ. శరీరంలో కొన్ని మర్మస్థానాలుంటాయని, చావు సమయంలో అవి తెగిపోతాయని అభిధర్మమనే బౌద్ధ తత్వ గ్రంథాల్లో ఉంది. ఆ మర్మ అనే సంస్కృత మాటలోని "మ" శబ్దం కోసం ఈ అక్షరాన్ని తెచ్చి పెట్టారు, అంతే. మర్మం తెగడం అంటే ఏ తెలుగువాడికైనా వెంటనే అర్థమవుతుంది. జపాన్‌వాళ్లకి నిఘంటువు తీయాలి.

21 గీతలు రాయడం జపాన్‌లోనూ విసుగే. చేత్తో గబగబా రాసేటప్పుడు చూరు గీసి, దాని కింద నారనూ దయ్యాన్నీ రెండింటినీ ఎత్తేసి, జపాన్ అక్షరమాలలోని "మ" ఒక్కటి పెట్టేస్తారు. చైనాలో 1950ల తర్వాత ఎన్నో అక్షరాల గీతలు తగ్గించారు గానీ దీన్ని ముట్టుకోలేదు, తైవాన్‌లోనూ చైనాలోనూ రూపం దాదాపు ఒకటే, చైనా లెక్కలో ఒక గీత తక్కువ, అంతే.

కొరియాలో ఒక పని మాటిమాటికీ చెడిపోతుంటే "మ" అడ్డుపడిందంటారు. వియత్నాంలో లిపి మారి రోమన్ అక్షరాలొచ్చాక దయ్యం గుర్తు కంటికి కనబడదు, "మ" అంటే దయ్యం అనే అర్థం మాత్రం ఉంది, చావు ఊరేగింపులో కూడా ఆ మాటే. అక్కడ స్వరాలు నేర్పే మొదటి వరసలో చైనీస్ పాఠంలోలాగే "మ"లే ఉంటాయి: దయ్యం, అమ్మ, కానీ, సమాధి, గుర్రం, వరినారు.

గడిచిన నూరేళ్లలో అక్షరం దారి మళ్లింది. ఇంద్రజాలానికి చైనీస్‌లో "మోషు", రూబిక్స్ క్యూబ్‌కి "మోఫాంగ్", అంటే మాయచతురస్రం. షాంఘై నగరానికి "మోదూ" అని ముద్దుపేరు ఉంది. 1923లో షాంఘై చూసిన జపాన్ రచయిత మురమత్సు షోఫు మరుసటి ఏడాది అచ్చువేసిన పుస్తకానికి ఆ పేరు పెట్టాడు. నాట్యశాలలు, జూదం, నల్లమందు, విదేశీ కాలనీల వెలుగులు, వీటన్నిటి మధ్య ఆయనకి ఆ ఊరు ఒకేసారి భయంకరంగానూ వదలబుద్ధి కానిదిగానూ కనిపించింది. ఈ రోజు షాంఘైవాళ్లు ఆ పేరును సొంతంగా, గర్వంగా చెప్పుకుంటారు, మెట్రో గురించి రాసినా హోటళ్ల గురించి రాసినా మోదూ అనే రాస్తారు.

2010ల నుంచి ఫోన్లలో "మోషింగ్" అనే మాట బాగా నడుస్తోంది, మారలక్షణం అన్నట్టు. ఒక పాట పల్లవి పిచ్చిపిచ్చిగా ఉన్నా రోజంతా చెవిలో తిరుగుతుంటే అది మోషింగ్. ఎవరైనా వింతగా నవ్వుతున్న వీడియోని ఆపకుండా మళ్లీ మళ్లీ చూస్తుంటే ఆ నవ్వు మోషింగ్. అలా అన్నందుకు ఎవరూ నొచ్చుకోరు, అది మెచ్చుకోలు కిందే లెక్క.